మతంపై రీసెర్చ్ పేపరా? ‘హవాలా’ ఎక్కడ దొరుకుతుందంటే..

కొత్తగూడెం: డిగ్రీ, పీజీ కాలేజీల్లో ప్రాజెక్టుల సీజన్ మొదలైతే విద్యార్థులకు ఒకటే టెన్షన్. టాపిక్ ఏం తీసుకోవాలి? మెటీరియల్ ఎక్కడ దొరుకుతుంది? కళాశాల విద్యాశాఖ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల కోసం ‘జిజ్ఞాస’ పేరుతో స్టూడెంట్ స్టడీ ప్రాజెక్టుల పోటీలు పెడుతోంది. చరిత్ర, తెలుగు, ఉర్దూ, పొలిటికల్ సైన్స్ చదివేవాళ్లలో కొందరికి మతం మీదో తత్వశాస్త్రం మీదో రాయాలని ఉంటుంది. భద్రాచలం పక్కనే ఉంది. చుట్టూ కోయ గూడేలున్నాయి. ఇల్లెందు మండలం సత్యనారాయణపురంలో హిందువులు, ముస్లింలు కలిసి మొక్కులు తీర్చుకునే నాగుల్ మీరా దర్గా ఉంది. టాపిక్‌లకు కరువు లేదు. కరువంతా పుస్తకాలకే.

పుస్తకం దొరక్కపోతే విద్యార్థి చేసేది రెండే పనులు. టాపిక్ మార్చేస్తాడు, లేదంటే ఫోన్‌లో కనిపించింది ఎత్తి రాసేస్తాడు. రెండో పని వల్ల నష్టం మార్కులతో పోదు. మతం గురించి ఆధారం లేకుండా రాసిన ఒక్క వాక్యం ఫార్వర్డ్ అవుతూ పోతే ఊళ్లో మనుషుల మధ్య ఏం చేస్తుందో అందరికీ తెలుసు. అందుకే ఈ సబ్జెక్టులో ‘ఎవరు చెప్పారు, ఎక్కడ చెప్పారు’ అన్న ప్రశ్నకు జవాబు దగ్గర పెట్టుకోవాలి. ఆ జవాబు వెతికే దారులు కొత్తగూడెం నుంచి కూడా ఉన్నాయి.

హవాలా అంటే డబ్బు మాత్రమే కాదు

తెలుగు పేపర్లలో ‘హవాలా’ అనగానే అక్రమ డబ్బు గుర్తొస్తుంది. ఉర్దూలో పుస్తకం రాసేవాళ్లకు హవాలా అంటే ఆధారం. ఈ మాట ఫలానా కితాబులో, ఫలానా పేజీలో ఉందని చూపించడం. అకౌంట్స్ పుస్తకంలో ప్రతి ఖర్చుకూ వోచర్ ఉన్నట్టే, రీసెర్చ్ పేపర్‌లో ప్రతి మాటకూ హవాలా ఉండాలి. వోచర్ లేని ఎంట్రీని ఆడిటర్ ఒప్పుకోడు.

ఇది పాశ్చాత్య యూనివర్సిటీలు కొత్తగా నేర్పిన పద్ధతేం కాదు. హదీసు పండితులు ప్రతి హదీసుకూ ‘ఇస్నాద్’ అడిగారు. అంటే ప్రవక్త (స) మాట ఎవరి నుంచి ఎవరికి చేరిందో చెప్పే పేర్ల గొలుసు. గొలుసులో ఒక మనిషి నమ్మదగినవాడు కాదని తేలితే ఆ హదీసు బలహీనమైనదని తేల్చేవారు. మన న్యాయ దర్శనం కూడా జ్ఞానానికి ‘ప్రమాణం’ అడిగింది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెప్పింది. శబ్దం అంటే నమ్మదగిన మనిషి చెప్పిన మాట. ఎవరు నమ్మదగినవారు అన్న చర్చ ఈ రెండు సంప్రదాయాల్లోనూ వందల ఏళ్లు నడిచింది.

ముందు ప్రశ్న చిన్నది చేసుకోవాలి

‘ఇస్లాం, హిందూ మతాల తులనాత్మక అధ్యయనం’ అనే టైటిల్‌తో ఏ లైబ్రరీకి వెళ్లినా లాభం లేదు. దానికి వెయ్యి పుస్తకాలు చాలవు. ప్రశ్న చిన్నదైతేనే ఏ పుస్తకం అడగాలో తెలుస్తుంది. ఖమ్మం జిల్లాకు చెందిన కవి, పరిశోధకుడు అఫ్సర్ పీర్ల పండుగ మీద ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకం 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ నుంచి వచ్చింది. ఆయన దక్షిణ భారతంలోని ఇస్లాం మొత్తాన్ని తలకెత్తుకోలేదు. అనంతపురం ప్రాంతంలోని గూగూడు అనే ఊరిని, అక్కడి పీరును పట్టుకుని అక్కడ నుంచి పెద్ద ప్రశ్నలకు వెళ్లారు.

కొత్తగూడెం విద్యార్థికి అలాంటి ప్రశ్న పక్కనే ఉంది. కంచర్ల గోపన్న, అంటే భక్త రామదాసు, నేలకొండపల్లి మనిషి. పాల్వంచ పరగణా తహసీల్దారుగా పనిచేశాడని, సర్కారు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించాడని, అందుకు గోల్కొండ కోటలో 12 ఏళ్లు చెరలో ఉన్నాడని కథ. చివరికి రాముడు, లక్ష్మణుడు మారువేషంలో వచ్చి తానీషాకు 6 లక్షలు కట్టి విడిపించారని జనం చెప్పుకుంటారు. ఈ కథ చాలామందికి 1964 నాటి ‘రామదాసు’, 2006లో వచ్చిన ‘శ్రీరామదాసు’ సినిమాల ద్వారానే తెలుసు. ‘తానీషా, రామదాసు కథకు ఆధారాలు ఏవి, ఒక్కో ఆధారం ఏం చెబుతోంది?’ ఈ ప్రశ్న ఒక పేపర్‌కు సరిగ్గా సరిపోతుంది.

ఆధారాలు మూడు రకాలు

మొదటి రకం మూల ఆధారాలు. ఆ మనిషి సొంతంగా రాసినవి, ఆ కాలంలోనే రాసినవి. ఇక్కడ రామదాసు కీర్తనలు, దాశరథీ శతకం ఈ కోవలోకి వస్తాయి. చెరసాల బాధ, రాముడి నగలకు పెట్టిన ఖర్చు కీర్తనల్లో వినిపిస్తాయి. కానీ కీర్తనలు నోటి నుంచి నోటికి పాటగా వచ్చాయి. కాబట్టి ఏ ప్రచురణ నుంచి తీసుకున్నారో, సంపాదకుడు ఎవరో రాయాలి. రెండు ప్రచురణలు పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకా మంచిది.

ఇదే కోవలో ఫార్సీ చరిత్రలూ చూడాలి. అబుల్ హసన్ కుతుబ్‌షా 1672 నుంచి 1687 వరకు గోల్కొండను ఏలాడు. ఆయన మంత్రులు అక్కన్న, మాదన్న 1686లో హత్యకు గురయ్యారు. మరుసటి ఏడాది గోల్కొండ ఔరంగజేబు చేతికి పోయింది. తానీషాను దౌలతాబాద్ కోటలో బంధించారు. ఈ సంగతులను మొగలుల వైపు నుంచి సాకీ ముస్తాయిద్ ఖాన్ ‘మఆసిరె ఆలంగీరీ’లో రాశాడు. 18వ శతాబ్దిలో ఖాఫీ ఖాన్ ‘ముంతఖబుల్ లుబాబ్’లో రాశాడు. మొదటిదానికి జదునాథ్ సర్కార్ ఇంగ్లిష్ అనువాదం 1947లో వచ్చింది. ఫార్సీ రానివాళ్లు అక్కడ మొదలుపెట్టొచ్చు.

చదివేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఇది గెలిచినవాళ్ల దర్బారు రాసుకున్న చరిత్ర. తానీషాను విలాసపురుషుడిగా, రాజ్యం బ్రాహ్మణ మంత్రులకు వదిలేసినవాడిగా చూపించడం వాళ్లకు అవసరం. అదే తానీషాను భద్రాచలం సంప్రదాయం రాముడి దర్శనం దొరికిన అదృష్టవంతుడిగా చూస్తుంది. శ్రీరామనవమికి తలంబ్రాల ముత్యాలు ప్రభుత్వం తరఫున పంపే ఆచారం ఆయన పేరుతోనే చెప్పుకుంటారు. ఒకే సుల్తాను ఇలా రెండు రకాలుగా ఎందుకు కనిపిస్తున్నాడన్నదే పేపర్‌కు ప్రాణం.

రెండో రకం, మూలాలను చదివి పండితులు రాసిన పుస్తకాలు. కుతుబ్‌షాహీల మీద ఉస్మానియా చరిత్ర ఆచార్యుడు హారూన్ ఖాన్ షేర్వానీ రాసిన ఇంగ్లిష్ గ్రంథం 1974లో వచ్చింది. ఈ వంశంపై పనిచేసేవాళ్లు దాన్ని దాటి పోలేరు. గోల్కొండ పడ్డాక మొగలు పాలన ఎలా సాగిందో జె.ఎఫ్. రిచర్డ్స్ 1975లో వచ్చిన పుస్తకంలో చెప్పారు. ఇలాంటి పుస్తకాల చివర ఉండే ఆధార గ్రంథాల పట్టిక విద్యార్థికి బంగారు గని. ఒక మంచి పుస్తకం దొరికితే ఇంకో యాభై పుస్తకాల పేర్లు దొరికినట్టే.

మూడో రకం విజ్ఞాన సర్వస్వాలు, వికీపీడియా, నిఘంటువులు. ఇవి గడప లాంటివి. లోపలికి వెళ్లడానికి పనికొస్తాయి, అక్కడే కూర్చుంటే పని కాదు. తత్వశాస్త్రానికి స్టాన్‌ఫర్డ్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీ ఇంటర్నెట్‌లో ఉచితం. ఒక్కో వ్యాసం ఆ సబ్జెక్టు తెలిసినవాళ్లే రాస్తారు. భారతీయ తత్వశాస్త్రానికి సురేంద్రనాథ్ దాస్‌గుప్తా 5 సంపుటాలు, సర్వేపల్లి రాధాకృష్ణన్ 2 సంపుటాలు ఇప్పటికీ మంచి మొదలే.

మూడు రకాలూ చేతికి వచ్చాక చిన్న లెక్క వేసి చూడొచ్చు. తానీషా పాలన మొత్తం 15 ఏళ్లు. గోపన్న ఉద్యోగం, గుడి నిర్మాణం, 12 ఏళ్ల చెర, విడుదల అన్నీ ఈ 15 ఏళ్లలోనే పట్టాలా? లేక ఉద్యోగం ముందటి సుల్తాను కాలంలోనే మొదలైందా? 12 అన్నది పురాణాల్లో తరచూ కనిపించే సంఖ్య కదా? ఇలాంటి ప్రశ్న వేసినందువల్ల భక్తికి నష్టం రాదు. కథ జనానికి ఏ అర్థం ఇస్తోందన్నది ఒకటి, తారీఖులు ఏం చెబుతున్నాయన్నది ఇంకొకటి. పేపర్‌లో రెండింటికీ వేర్వేరు చోటు ఇవ్వాలి.

లైబ్రరీలో నంబరు తెలిస్తే సగం పని అయినట్టే

చాలామంది లైబ్రరీకి వెళ్లి ‘మతం పుస్తకాలు ఉన్నాయా సార్’ అని అడిగి, లేవంటే తిరిగొచ్చేస్తారు. లైబ్రరీల్లో ఎక్కువగా వాడే డ్యూయీ పద్ధతిలో ప్రతి సబ్జెక్టుకూ నంబరు ఉంటుంది. తత్వశాస్త్రం 100 నుంచి మొదలు. భారతీయ, ఇస్లామీ తత్వశాస్త్రాలు 181లో ఉంటాయి. మతం 200. అందులో బౌద్ధం 294.3, జైనం 294.4, హిందూ మతం 294.5, సిక్కు మతం 294.6, ఇస్లాం 297. ఖుర్ఆన్, హదీసు పుస్తకాలు 297.1లో, సూఫీ పుస్తకాలు 297.4లో వెతకాలి. కొన్ని లైబ్రరీల్లో ఎస్.ఆర్. రంగనాథన్ తయారుచేసిన కోలన్ పద్ధతి నడుస్తుంది. అక్కడ మతానికి క్యూ, తత్వశాస్త్రానికి ఆర్ అక్షరం. ఇస్లాం క్యూ 7.

మతం పుస్తకం మతం ర్యాకులోనే ఉంటుందని గ్యారంటీ లేదు. రామదాసు కీర్తనలు తెలుగు సాహిత్యంలో ఉంటాయి. పీర్ల పండుగ జానపదంలో, 398 దగ్గర దొరకొచ్చు. కుతుబ్‌షాహీలు చరిత్రలో, 954 దగ్గర ఉంటారు. నాలుగు ర్యాకులూ తిరగాల్సిందే.

జిల్లా, శాఖా గ్రంథాలయాల్లో పోటీ పరీక్షల పుస్తకాలకే డిమాండ్ ఎక్కువ. అయినా పాత బీరువాల్లో శతకాలు, ప్రబంధాలు, విజ్ఞాన సర్వస్వాలు ఉంటాయి. వాటిని అడిగేవాళ్లే తక్కువ. కొత్త పుస్తకం కావాలంటే లిఖితపూర్వకంగా అడగొచ్చు. మనం కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. కాబట్టి ఇందులో మొహమాటం అక్కర్లేదు.

హైదరాబాద్ వెళ్తే ఎక్కడెక్కడ తిరగాలి

కొత్తగూడెం (భద్రాచలం రోడ్) స్టేషన్‌లో రైలెక్కితే సికింద్రాబాద్‌లో దిగొచ్చు. దూరం దాదాపు 300 కిలోమీటర్లు. రానుపోను ఖర్చు, బస ఖర్చు చూసుకుంటే మళ్లీమళ్లీ వెళ్లడం అందరికీ కుదరదు. అందుకే ఎక్కడ ఏముందో ముందే తెలుసుకుని బయల్దేరాలి.

అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ పాత పుస్తకాలకు ఇది పెద్ద దిక్కు. రాతప్రతులు కావాలంటే ఉస్మానియా క్యాంపస్‌లోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి వెళ్లాలి. అరబిక్, ఫార్సీ, ఉర్దూ ప్రతులతో పాటు తెలుగు, సంస్కృత తాళపత్రాలూ అక్కడున్నాయి. 1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ లైబ్రరీ అక్కడికి దగ్గరే. అదే క్యాంపస్‌లో 1888 నాటి దాయిరతుల్ మఆరిఫ్ ఉంది. అరబిక్ రాతప్రతులను సరిచూసి అచ్చువేసే ఈ సంస్థ పుస్తకాలు అరబ్ దేశాల యూనివర్సిటీలకూ వెళ్తాయి. సర్కారు దస్తావేజులకు తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. మొగలు కాలం దక్కన్ కాగితాలు వేల సంఖ్యలో అక్కడున్నాయి.

సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ రాతప్రతుల లైబ్రరీ ఉంది. మ్యూజియానికి శుక్రవారం సెలవని గుర్తుంచుకోవాలి. దక్కనీ ఉర్దూ కోసం పంజాగుట్టలోని ఇదారె అదబియాతె ఉర్దూకు వెళ్లాలి. డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ 1931లో స్థాపించిన సంస్థ ఇది. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో అబ్దుస్ సమద్ ఖాన్ అనే పుస్తక ప్రేమికుడు జీవితమంతా పోగుచేసిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు భద్రంగా ఉన్నాయి. పాత తెలుగు పుస్తకాలకు, పత్రికలకు సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది. అది 1901 నుంచి నడుస్తోంది.

వెళ్లేముందు మూడు పనులు చేసుకోవాలి. కాలేజీ ప్రిన్సిపాల్ నుంచి టాపిక్ పేరుతో సహా లెటర్ తీసుకోవాలి. ఐడీ కార్డు, ఫొటోలు, ఆధార్ కాపీ దగ్గర పెట్టుకోవాలి. కావాల్సిన పుస్తకాల పేర్లు రాసుకుని, ముందుగా ఫోన్ చేసి సెలవులు, అనుమతులు, ఫీజులు కనుక్కోవాలి. రాతప్రతులు, ఆర్కైవ్స్ ఉన్నచోట అప్లికేషన్ పెట్టిన రోజే కాగితం చేతికి రాకపోవచ్చు. ఫొటో తీయడానికి వేరే అనుమతి అడగాలి.

ఫోన్‌లోనే దొరికే లైబ్రరీలు

రైలు టికెట్‌కు ముందు ఫోన్‌లో వెతకడం మంచిది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసిన వేలాది తెలుగు, ఉర్దూ పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. చిక్కేంటంటే వాటి పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో ఇష్టమొచ్చినట్టు ఎక్కించారు. ఖుర్ఆన్‌ను కొందరు క్యూ అక్షరంతో, పాత రచయితలు కె అక్షరంతో రాశారు. తానీషా ఒకచోట తానాషా, ఇంకోచోట అబుల్ హసన్. రామదాసు ఒకచోట గోపన్న, ఒకచోట రాందాస్. ఒక స్పెల్లింగ్‌తో దొరకలేదని వదిలేయకుండా నాలుగైదు రకాలుగా కొట్టి చూడాలి.

ఉర్దూ పుస్తకాలకు రేఖ్తా వెబ్‌సైట్ ఉంది. దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ‘శోధ్‌గంగ’లో ఉచితం. కాకతీయ, ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, మనూ పరిశోధనలు అక్కడ వెతకొచ్చు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీ ఇంకో దారి. జేస్టోర్‌లో ఉచిత అకౌంట్ తెరిస్తే నెలకు 100 వ్యాసాల దాకా ఆన్‌లైన్‌లో చదవొచ్చు.

ప్రభుత్వ కాలేజీల్లో చదివేవాళ్లు ఇంకోటి అడగాలి. కేంద్రం 2025 జనవరి నుంచి ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం అమలు చేస్తోంది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 జర్నళ్లను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి తెచ్చింది. మన కాలేజీ అందులో రిజిస్టర్ అయిందా, లాగిన్ ఎలా అన్నది లైబ్రేరియన్‌ను అడగాలి. మన పన్నులతో కొన్నది వాడుకోకపోతే నష్టం మనదే.

పుస్తకంలో లేనిది గూడెంలో ఉంటుంది

కోయల నమ్మకాల మీద రాసేవాళ్లకు పాత ఇంగ్లిష్ రాతలు దొరుకుతాయి. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1870లలోనే ‘ఇండియన్ యాంటిక్వరీ’ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి రాశాడు. థర్‌స్టన్ 7 సంపుటాలు 1909లో వచ్చాయి. నిజాం రాజ్యంలోని కులాలు, తెగలపై సయ్యద్ సిరాజుల్ హసన్ పుస్తకం 1920లో వచ్చింది. గోదావరి కొండల్లోని కొండరెడ్లపై హైమెన్‌డార్ఫ్ పుస్తకం 1945 నాటిది. పాతవి చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి.

ఇవన్నీ బయటివాళ్లు రాసినవి. మిషనరీకి మతం మార్పించే పని ఉంది, అధికారికి జనాన్ని లెక్కపెట్టే పని ఉంది. కోయలు తమ దేవుళ్ల గురించి చెప్పుకునే మాట డోలీ కథల్లో, పడిగె గుడ్డల బొమ్మల్లో ఉంది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2024లో కన్నుమూశారు. ఇలాంటి పెద్దల పాటలు తెలిసినవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. అనుమతి అడిగి, పేరు, ఊరు, తేదీ రాసుకుని రికార్డు చేసిన ఇంటర్వ్యూ కూడా మూల ఆధారమే. వద్దన్నది రాయకూడదు.

మస్జిద్, మదరసా, దర్గాల బీరువాలు, ఇళ్లలో తాతల పెట్టెలు కూడా చూడాలి. పాత ఉర్దూ కితాబులు, షజరాలు, ఉర్సు కరపత్రాలు అక్కడ ఉంటాయి. ఉర్దూ చదవగలిగే పిల్లలు తగ్గుతున్నకొద్దీ అవి చెదల పాలవుతున్నాయి, లేదా పాత పేపర్ల కొట్టుకు పోతున్నాయి. ఒక ఉర్దూ విద్యార్థి, ఒక తెలుగు విద్యార్థి కలిసి ప్రాజెక్టు చేస్తే ఇద్దరికీ లాభం. పెట్టె యజమాని ఒప్పుకుంటే టైటిల్ పేజీలు ఫోన్‌లో ఫొటో తీసి పట్టిక రాసిచ్చినా అదొక సేవే.

ఏఐ చెప్పిన పుస్తకాన్ని నమ్మొచ్చా?

చాట్‌బాట్‌ను ‘రామదాసు మీద 10 పుస్తకాలు చెప్పు’ అంటే క్షణంలో చెబుతుంది. అందులో కొన్ని ఎవరూ రాయని పుస్తకాలు ఉండొచ్చు. రచయిత పేరు నిజమే ఉంటుంది, పుస్తకం ఉండదు. సంవత్సరం, పేజీ నంబరు కూడా కల్పించి ఇస్తుంది. లేని హదీసులు, లేని శ్లోకాలూ ఇలాగే పుడుతున్నాయి. అందుకే ఏఐ చెప్పిన ప్రతి పేరునూ ఏదో ఒక లైబ్రరీ కేటలాగ్‌లో వెతకాలి. ప్రపంచ లైబ్రరీల ఉమ్మడి పట్టిక వరల్డ్‌క్యాట్ ఉచితమే. అక్కడా లేకపోతే ఆ పేరు కొట్టేయాలి. కళ్లతో చూడని పేజీకి హవాలా ఇవ్వకూడదు.

నోట్‌బుక్‌లో ఏం రాసుకోవాలి

పుస్తకం చేతికి రాగానే రచయిత, పూర్తి పేరు, అనువాదకుడు, ప్రచురణకర్త, ఊరు, సంవత్సరం, పేజీ రాసుకోవాలి. ఏ లైబ్రరీలో, ఏ నంబరుతో ఉందో కూడా రాసుకుంటే రెండోసారి వెతుకులాట తప్పుతుంది. ఖుర్ఆన్ అయితే సూరా, ఆయత్ నంబర్లతో పాటు ఎవరి అనువాదమో చెప్పాలి. తెలుగులోనే ఒకటికి మించి అనువాదాలు ఉన్నాయి, మాటలు తేడా వస్తాయి. హదీసుకు గ్రంథం పేరు, నంబరు, ఏ ప్రచురణో రాయాలి. ఎందుకంటే ప్రచురణ మారితే నంబర్లు మారతాయి. గీతకు అధ్యాయం, శ్లోకం. బైబిల్‌కు అధ్యాయం, వచనం.

అన్నీ వెతికినా ఒక మాటకు ఆధారం దొరక్కపోతే దాన్ని దాచాల్సిన పనిలేదు. ‘ఫలానా ఫలానా పుస్తకాల్లో వెతికినా ఈ సంగతి కనిపించలేదు, ఇది జనశ్రుతిగా ఉంది’ అని రాస్తే సరిపోతుంది. తర్వాత వచ్చే విద్యార్థి అక్కడ నుంచి మొదలుపెడతాడు.